ఆయన కోసం తిన్నవి

మార్చి 2, సోమవారం

ఇవాళ కూడా మెట్ల మీదే తిన్నాను. మూడో అంతస్తు మలుపులో కిటికీ దగ్గర చిన్న గట్టు ఉంది, అక్కడ. కొట్లో కొన్న రొట్టె, ఉడికించిన గుడ్డు. గుడ్డు వాసన వస్తుందేమోనని ఒక యాలక్కాయ నమిలి, చేతులు తడిగుడ్డతో తుడుచుకుని పైకి వెళ్ళాను.

తలుపు తీయగానే ఆయన అడిగారు. "తిన్నావా?"

"ల్యాబులోనే తినేశాను."

అది పూర్తిగా అబద్ధం కాదు. మధ్యాహ్నం ల్యాబులో తిన్నాను కదా.

ఆరున్నరకి ఆయన పొట్టకున్న గొట్టానికి సిరంజి తగిలించి, డబ్బా పొడి కలిపిన పాలు పోశాను. సిరంజి ఎత్తి పట్టుకుంటే అవే నెమ్మదిగా దిగుతాయి. ఆయన అటు చూడనే చూడరు. ఎవరో పక్కింటి మొక్కకి నీళ్ళు పోస్తున్నట్టు వార్తలు చూస్తూ కూర్చుంటారు.

మార్చి 3

మింగే పరీక్షకి ఇంకా యాభై ఆరు రోజులు.

మార్చి 5, గురువారం

పొద్దున్నించీ ఒక ముసలాయన పై పళ్ళ సెట్టు మీదే కూర్చున్నాను. మైనంలో పళ్ళు ఒక్కొక్కటే అమర్చి, కింది పళ్ళ అచ్చు మీద పెట్టి, సరిగ్గా కలుస్తున్నాయా లేదా అని చూడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా మనిషి నమల్లేడు. పంతొమ్మిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళు నమలడానికి నేను పళ్ళు చేసి ఇస్తున్నాను. ఇంట్లో ఆయనకి ముప్పై పళ్ళూ గట్టిగా ఉన్నాయి. గొంతు కేన్సరుకి ఇచ్చిన రేడియేషన్‌తో మింగడం పోయింది. ఏది మింగినా ఊపిరితిత్తుల్లోకి జారుతుందని నోటితో ఏమీ వద్దన్నారు. ఎనిమిది నెలలైంది.

సాయంత్రం ఆయన గ్రంథాలయానికి నడిచి వెళ్ళి వచ్చి, ఒక కాగితం నా ముందు పెట్టారు. శనివారం శనివారం గ్రంథాలయం వెనక గదిలో ఇంటివంట చేసేవాళ్ళు కలుస్తారట. ఏ దేశం నుంచి వచ్చినవాళ్ళైనా సరే, తమ ఇంట్లో నేర్చుకున్నది వండి, అందరికీ పెట్టాలట.

"దీనికి నేనెందుకండీ? నాకు వంటొచ్చా?"

"తినడం వచ్చుగా. అదీ అంతంతమాత్రమే అనుకో."

"మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టి నేనెళ్ళి తిని రావాలా?"

"తిని రా. వచ్చి చెప్పు. వినడానికి గొంతు అక్కర్లేదు."

ఆ మాటన్నప్పుడు ఆయన గొంతు గీరుకుపోయి ఉంది. అయినా ముఖం మాత్రం, పూర్వం లిఫ్టుల పని నుంచి ఇంటికొచ్చి "ఇవాళ ఏం వండను" అని అడిగేవారే, ఆ ముఖమే. ఇరవైమూడేళ్ళు మా ఇంట్లో వంట ఆయనదే. నేను కంచం ముందు కూర్చునేదాన్ని.

సరే అన్నాను.

మార్చి 7, శనివారం

వెళ్ళాను. మిగతా రోజుల్లో పేపర్లు చదువుకునే పొడుగాటి బల్ల, రెండు పొయ్యిలు, ఎనిమిది మంది. అన్నీ నడిపించేది లైబ్రేరియన్ మేడమ్. వంతులు రాసుకునే పుస్తకం ఆవిడ దగ్గరుంది. లెక్కల పంతులమ్మ అని ఒక పెద్దావిడ, ఉద్యోగం మానేసి పదేళ్ళైందిట, ఇప్పటికీ గరిటెని సుద్దముక్కలా పట్టుకుంటుంది. బస్సు డ్రైవరు, కొండంత మనిషి, సముద్రం ఒడ్డు నుంచి వచ్చినవాడు. ఇవాళ వండింది ఒక నర్సు. ఆవిడ వాళ్ళది మంచు పడే దేశం. పిండిని బిళ్ళలుగా ఒత్తి, లోపల మాంసం ముద్ద పెట్టి, అంచులు మడతలు మడతలుగా నొక్కి, ఆవిరి మీద ఉడికించింది. వాళ్ళ అమ్మమ్మ చలికాలం ముందు ఇవి వందలకొద్దీ చేసి డాబా మీద మంచులో గడ్డకట్టించేదిట.

మేడమ్ నా వంతు మే 9 అని రాసుకుంది. ఏప్రిల్ 28న పరీక్ష అయిపోతుంది. అప్పటికి ఆయనే వచ్చి వండుతారు. అందుకే తలూపాను.

ఇంటికి రాగానే ఆయన టీవీ కట్టేసి కూర్చున్నారు.

"చెప్పు."

"బావుంది."

"బావుందంటే? పిండి మందంగా ఉందా, పల్చగా ఉందా?"

"మామూలుగానే ఉంది."

"లోపల ఉల్లిపాయ పచ్చిదా, వేయించిందా?"

"ఉల్లిపాయ ఉందా ఏమో, చూడలేదు."

"ఇరవైమూడేళ్ళు నీకు వండి పెట్టాను. ఒక్కరోజైనా నువ్వేం తిన్నావో నీకు తెలిసిందంటావా?" అని నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. నేనూ నవ్వి, స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని కాసేపు నిలబడ్డాను.

మార్చి 14, శనివారం

ఇవాళ డ్రైవరు వంతు. చేపకి ఏదో పుల్లటి పొడి, వెల్లుల్లి, మిరపకాయ నూరి పట్టించి, వెడల్పాటి ఆకులో చుట్టి, పెనం మీద ఆకు నల్లబడేదాకా కాల్చాడు. వాళ్ళ నాన్న పడవలోనే ఇలా కాల్చేవాడట. "ఆకు విప్పేటప్పుడు ముఖం దగ్గరగా పెట్టండి అక్కా, సగం తిండి ఆ ఆవిర్లోనే ఉంది" అన్నాడు.

పెట్టాను. ఈసారి పరీక్షకి చదివినట్టు తిన్నాను. ముందు పులుపు, అది నాలుక పక్కల్లో. తర్వాత పొగ. కారం ఆలస్యంగా వచ్చింది, మింగాక వచ్చింది. అంచుల్లో ఆకు అంటుకున్న చోట చేప కొంచెం చేదు, ఆ చేదు కోసమే ఇంకో ముక్క తినాలనిపించింది.

ఇదంతా ఆయనకి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. గొంతు మీద ముడి పైకి కదిలి కిందికి దిగింది. గుటక వేశారు. ఏమీ లేదు అక్కడ, ఉమ్మే. అదీ దగ్గుతో వెనక్కి వచ్చేసింది. నేను ఆపేశాను.

"ఆపకు," అన్నారు రుమాలు అడ్డుపెట్టుకునే. "ఆకు చేదు దగ్గరున్నాం."

డ్రైవరు అందరికీ మిగిలింది డబ్బాల్లో సర్ది ఇస్తాడు. నాకూ ఇచ్చాడు, "బావగారికి పెట్టండి" అని. బావగారి సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే నా ఎదురుగా వాళ్ళకి ముద్ద దిగదు. ఆ డబ్బా నేను మెట్ల మీద ఖాళీ చేశాను.

మార్చి 21, శనివారం

డ్రైవరు అడిగాడు, బావగారికి చేప నచ్చిందా అని. "ముల్లు కూడా వదల్లేదు" అన్నాను. అతని ముఖం వెలిగిపోయింది. అందుకని ఇంకో రెండు మాటలు కూడా చేర్చాను.

మార్చి 28, శనివారం

పంతులమ్మ పొట్టేలు మాంసంలో ఎండు పళ్ళు వేసి మూడు గంటలు ఉడికించింది. "అమ్మాయ్, ఒట్టి పులుసు తాగు. ఇప్పుడు పండుతో తిను. ఇప్పుడు ఎముక దగ్గరది తిను" అని మూడుసార్లు రుచి చూపించింది. మూడూ మూడు రుచులు. ఇంట్లో అరగంట చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్నే అడిగారు, అదీ నాకు జవాబు తెలిసిన ప్రశ్న.

"నీకిన్నాళ్ళకి నోరొచ్చింది," అన్నారు.

వారమంతా ఇద్దరం శనివారం కోసం చూస్తున్నాం. పెళ్ళైన కొత్తలో ఆదివారం కోసం ఇలాగే చూసేవాళ్ళం. అప్పుడు ఆయన వంటింట్లోంచి పిలిచేవారు, ఉప్పు చూడమని. నేను వెళ్ళేదాన్ని. గరిటెలోంచి ఒక చుక్క నా అరచేతిలో వేసేవారు. నాకు ఉప్పు ఎక్కువో తక్కువో ఎప్పుడూ తెలిసేది కాదు. "సరిపోయింది" అనేదాన్ని. ఆయనకి కావలసింది ఉప్పు సంగతి కాదనుకుంటాను.

ఇప్పుడు వంటింట్లో పాలపొడి కలపడానికి తప్ప పొయ్యి వెలగదు. ఆయన కత్తులు గోడకి అలాగే ఉన్నాయి. వాటి దుమ్ము తుడవను. తుడిస్తే ఆయన చూస్తారు.

ఏప్రిల్ 1

ఇరవై ఏడు రోజులు. నిన్న గుటక వేస్తే దగ్గు తక్కువగా వచ్చింది. నాకలా అనిపించింది.

ఏప్రిల్ 4, శనివారం

దగ్గు తగ్గింది. కచ్చితంగా తగ్గింది.

ఏప్రిల్ 13, సోమవారం

హాస్పిటల్. ఆక్సిజన్ పెట్టారు. జ్వరం నూటమూడు.

ఏప్రిల్ 15, బుధవారం

ఇవాళ రాయగలను.

శనివారం లైబ్రేరియన్ మేడమ్ వండింది. ఎముకల రసంలో ఎండిన రొట్టె నానబెట్టి, పైన గుడ్డు పగలగొట్టి వేస్తారు. వాళ్ళ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగుండకపోయినా అదే పెట్టేవారట. ఎప్పట్లాగే డ్రైవరు డబ్బా ఇచ్చాడు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి రంగులేసేవాళ్ళు నిచ్చెనలు వేసుకుని ఉన్నారు. కూర్చునే చోటు లేదు. డబ్బా ఇంట్లోకి తెచ్చి బియ్యం డబ్బా వెనక పెట్టాను, తర్వాత చూసుకోవచ్చని.

ఇంతలో ల్యాబు నుంచి ఫోను. ఒకావిడ కట్టుడు పళ్ళు రెండు ముక్కలయ్యాయి, మర్నాడు వాళ్ళింట్లో పెళ్ళి. గంటలో అతికించి వచ్చాను.

ఆయన వంటింట్లో నేల మీద ఉన్నారు. మోకాళ్ళ మీద. పెదాలు నీలం. పక్కన డబ్బా, చెంచా. రొట్టె సగం ఉంది.

ఇవాళ మాస్కు తీసినప్పుడు అడిగాను, ఎందుకు చేశారని. తిడుతున్నట్టు అడిగాను.

"వాసన వచ్చింది," అన్నారు. ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నారు. "బియ్యం వెనక కనబడింది. నువ్వు నాకోసం దాచావేమో అనుకున్నాను."

ఏప్రిల్ 16

ఇన్ని వారాలు ఆయన నాలుక మీద రుచులు పెట్టి ఊరించింది నేనే.

ఏప్రిల్ 20, సోమవారం

జ్వరం తగ్గింది. ఎలాగూ ఇక్కడే ఉన్నారు కదా అని పరీక్ష ఇవాళే చేసేశారు. ఎక్స్‌రే ముందు కూర్చోబెట్టి చెంచాడు తెల్లటి మందు మింగించారు. తెర మీద నేనూ చూశాను. రెండు దారులున్నాయి, ఒకటి పొట్టకి, రెండోది ఊపిరితిత్తులకి. తెల్లటిది రెండో దార్లోకి నేరుగా వెళ్ళిపోయింది. ఆయనకి దగ్గు కూడా రాలేదు. అంటే, వెళ్ళినట్టు ఒంటికి తెలియనే లేదు. దగ్గు తగ్గిందని నేను సంబరపడ్డది దీనికే.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. "ఇక నోటితో వద్దండీ. కొన్నాళ్ళు అనడం లేదు నేను."

ఆయన అడిగారు, "వాసన చూడొచ్చా?"

"ఎంతైనా చూడండి" అంది ఆవిడ. ఆవిడ కళ్ళు తడిశాయి. మా ఇద్దరివీ తడవలేదు.

ఏప్రిల్ 21, మంగళవారం

మధ్యాహ్నం నేను క్యాంటీనుకి వెళ్ళి వచ్చాను. "తిన్నావా?" అన్నారు. తిన్నానన్నాను.

"మెట్ల మీద తింటావుగా ఇంటి దగ్గర."

నేను దుప్పటి సర్దుతున్నాను. సర్దుతూనే ఉన్నాను.

"మన బాల్కనీ లోంచి ఆ మలుపు కిటికీ కనబడుతుంది. గోడవైపు తిరిగి గబగబా తింటావు, ఎవరో లాక్కుపోతారన్నట్టు."

"మీ ముందు ఎలా తినను?"

"నాకు మింగడం పోయింది, సరే. నువ్వు నా ఎదురుగా కూర్చుని తినడం కూడా పోయింది. రెండోదానికి డాక్టరు చేసేదేమీ లేదు కదా."

 

ఏప్రిల్ 23, గురువారం

మన శనివారాల నర్సు ఈ హాస్పిటల్లోనే పనిచేస్తుందని ఇవాళ తెలిసింది. మందుల బండి తోసుకుంటూ వచ్చి, నన్ను చూసి, మంచం మీద ఆయన్ని చూసి, గొట్టాన్ని చూసింది. నా భుజం మీద చెయ్యి వేసి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ చెప్పిందట, సాయంత్రం డ్రైవరు వచ్చాడు, బస్సు యూనిఫారంలోనే. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ముల్లు కూడా వదల్లేదన్నారు కదక్కా."

"తప్పయింది తమ్ముడూ. అది నేనే తిన్నాను."

"నేను డబ్బాలిచ్చి ప్రాణం మీదకి తెచ్చాను."

మంచం మీంచి ఆయన పిలిచారు. "బస్సాయనా, ఇలా రా. ఆ చేప మీద పులుపు దేనిది? ఈవిడ నిమ్మ కాదంది, చింతపండు కాదంది. నెల నుంచీ బుర్ర తినేస్తోంది నన్ను."

డ్రైవరు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. వాళ్ళ తీరంలో ఒక కాయ కాస్తుందట, ముక్కలు కోసి ఎండబెట్టి పొడి చేస్తారట. ఎండ ఎన్ని రోజులు, నీడ ఎన్ని రోజులు, పొగ పెట్టాలా వద్దా, ఇద్దరూ గంటసేపు అదే మాట. ఇన్ని రోజుల్లో ఆయన అంతసేపు మాట్లాడలేదు. నేను కిటికీ దగ్గర నిలబడి విన్నాను. నాకు అతని మీద అసూయ కలిగింది.

ఏప్రిల్ 27, సోమవారం

ఇంటికొచ్చాం.

ఏప్రిల్ 29

మాట్లాడటం లేదు. టీవీ కూడా పెట్టడం లేదు.

ఏప్రిల్ 30

లేదు.

మే 2, శనివారం

నేను వెళ్ళలేదు. ఇంట్లో ఇద్దరం రెండు గదుల్లో ఉన్నాం. మధ్యాహ్నం తినలేదు. మెట్ల మీదికి వెళ్ళలేను, ఆయన చూస్తారు. ఎదురుగా కూర్చోలేను. అందుకని తినలేదు.

మే 3, ఆదివారం

"నిన్న ఏం వండారు వాళ్ళు?"

ఆరు రోజుల తర్వాత మొదటి మాట.

"నేను వెళ్ళలేదండీ."

"వచ్చే వారం నీ వంతు కదా."

"మానేస్తానని చెప్పేస్తాను. నాకేం వచ్చు?"

ఆయన వంటింటి వైపు చూశారు. "ఉల్లిపాయలు కొనుక్కురా," అన్నారు. "పెద్దవి. రెండు కిలోలు."

మే 5, మంగళవారం

చిన్నప్పుడు ఆయన మేనత్త చేసేదట. ఉల్లిపాయలు సన్నగా కోసి నూనెలో నల్లబడేదాకా వేయించడం, పప్పూ బియ్యమూ కలిపి ఉడికించడం, రెండూ కలిపి మూత పెట్టడం. అంతే. అంతేనా అన్నాను. అంతే, కానీ అందరూ ఉల్లిపాయ దగ్గరే పోతారు అన్నారు.

నేనూ పోయాను. మొదటిసారి బొగ్గు. కిటికీలన్నీ తీయాల్సొచ్చింది.

రెండోసారికి ఆయన పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బాండీ వైపు చూడలేదు, కళ్ళు మూసుకున్నారు.

"చప్పుడు విను. ఇప్పుడు వాన పడుతున్నట్టుంది కదా. అది నీళ్ళు. భయం లేదు, కలుపుతూ ఉండు."

కలిపాను.

"తగ్గింది. విన్నావా? గుసగుసలాడుతున్నట్టుంది. నీళ్ళు అయిపోయాయి. ఇక్కణ్ణించి పక్కకి చూడకు."

నాకు వినబడింది. నిజంగా వినబడింది. ఇన్నేళ్ళూ పక్కగదిలో కూర్చుని ఈ చప్పుడు విననే లేదు.

"వాసన తియ్యగా మారింది. ఇంకొంచెం. ఇంకొంచెం. మంట ఆపెయ్."

గరిట నా చేతిలో ఉంది, ఆయన చెయ్యి నా మణికట్టు మీద ఉంది. మంట ఆపాక కూడా తీయలేదు.

మే 9, శనివారం

ఆయన్ని వెంటపెట్టుకుని వెళ్ళాను. నేను వండాను, ఆయన పక్కన కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుని చెప్పారు. ఉల్లిపాయలు వాన నుంచి గుసగుసలోకి దిగినప్పుడు గది మొత్తం నిశ్శబ్దంగా ఉంది. పంతులమ్మ వినికిడి యంత్రం సర్దుకుని ముందుకి వంగింది.

వడ్డించాను. ఒక్కరూ చెంచా ఎత్తలేదు. ఆయన గొట్టం చొక్కా కింద ఉబ్బెత్తుగా కనబడుతోంది.

"తినకపోతే లేచి వెళ్ళిపోతాను," అన్నారు ఆయన. "మింగడమే పోయింది నాకు. నడక బాగానే ఉంది."

ముందు పంతులమ్మ తింది. నమిలి, క్లాసులో చెప్పినట్టు చెప్పింది. "పైన తీపి. కింద మట్టివాసన లాంటిది ఏదో, అది పప్పు. మధ్యలో పొడిపొడిగా బియ్యం." లైబ్రేరియన్ మేడమ్ తన వంటింటి పాత కిటికీ గుర్తొచ్చిందంది, ఎందుకో తెలియదంది. నర్సు రెండోసారి పెట్టమంది. డ్రైవరు ఆఖరున చెప్పాడు. "అడుగున ఉల్లిపాయ కొంచెం చేదెక్కింది బావగారూ."

"ఎక్కాలి," అన్నారు ఆయన. నా వైపు తిరిగి చూశారు.

ఇరవైమూడేళ్ళలో ఆయన నా వైపు అలా చూడటానికి నేను చేసిన పని ఇదొక్కటే.

అక్కడ నేను తినలేదు. వడ్డిస్తూ ఉండిపోయానని అన్నాను. మిగిలింది డ్రైవరు డబ్బాలో సర్ది, నా చేతికి కాకుండా ఆయన చేతికి ఇచ్చాడు.

మే 10, ఆదివారం

పదకొండున్నర. వానొచ్చి వెలిసింది, బాల్కనీ తలుపు తీసి ఉంది. ఆయన గొట్టానికి పాలు తగిలించి, హాస్పిటల్లో ఇచ్చిన సీసాని గోడ మేకుకి వేలాడదీశాను. చుక్క చుక్కగా దిగుతోంది. ఆయన డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, మూత తీసి, వాసన చూసి, నా వైపు జరిపారు.

కంచం తెచ్చుకున్నాను. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, అలవాటుగా మొదలుపెట్టాను. "రాత్రంతా నాని ఉల్లిపాయ మెత్తబడి—"

"చెప్పకు," అన్నారు. "తిను."

తిన్నాను. ఆయన చూస్తూ ఉన్నారు. ఆయన కళ్ళల్లో ఆకలి ఉంది. దాన్ని చూడకూడదనే కదా ఇన్నాళ్ళూ గోడవైపు తిరిగి తిన్నాను. ఇవాళ చూశాను. అది అన్నం మీదో, నా మీదో నాకు తెలియలేదు. ఆయనకీ తెలిసి ఉండదు. అది పోదు. రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. నేను తింటూ ఉంటే ఒకసారి ఆయన గొంతు ముడి కదిలింది. నేను ఆగలేదు.

కంచం ఖాళీ అయింది. నాకు ఇంకా ఆకలిగా ఉంది. ఆయన ముందే మళ్ళీ వడ్డించుకున్నాను.